మహారాజశ్రీ మాక్ డ్రాఫ్ట్ గారికి

మహారాజశ్రీ మాక్ డ్రాఫ్ట్ గారి దివ్యసముఖానికి, టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కో నుంచి డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అభిమాని ఒకడు నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. మీ క్షేమం గురించి ప్రత్యేకంగా అడగను. చెప్పింది జరిగినా జరగకపోయినా ఆరోగ్యం చెక్కుచెదరని జీవి మీరొక్కరే.

కౌబాయ్స్ హెడ్డాఫీసు మా ఊళ్లోనే ఉంది. మా ఊళ్లో తెలుగువాళ్లు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగకుండా విమానం దిగినవాళ్లం, నాలుగు చలికాలాలు గడిచేసరికి పుట్టినరోజు ఫంక్షన్లలో ప్లేటు పట్టుకుని "ఈసారి మనకి మంచి గార్డ్ కావాలి బావా" అని (గార్డ్ అంటే వాచ్‌మన్ కాదు, బంతి విసిరేవాడికి ముందు గోడలా నిలబడే ఆటగాడు) మాట్లాడుకునే స్థితికి వచ్చాం. ఆ ఘనతలో సగం మీదే.

మీ సంగతి తెలియని మనవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పనివ్వండి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ కుర్రాడు తనకు నచ్చిన ప్రొఫెషనల్ జట్టులో నేరుగా చేరలేడు. ఏటా ఏప్రిల్ చివర్లో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ మూడు రోజులు డ్రాఫ్ట్ పెడుతుంది. 32 జట్లు, ఏడు రౌండ్లు, 250 పైచిలుకు పేర్లు. కిందటి సీజన్‌లో అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి ఛాన్స్, సూపర్ బౌల్, అంటే ఫైనల్, గెలిచిన జట్టుకు చివరి ఛాన్స్. ఆ ఛాన్స్‌నే పిక్ అంటారు. ఐపీఎల్‌లో లాగా వేలంపాట ఉండదు. ఎవరు పేరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఆ పిలుపులు ఏ వరుసలో వస్తాయో నెలల ముందే రాసిపెట్టే జాబితా తమరు.

మా ఇళ్లల్లో ఉగాదికి పంచాంగ శ్రవణం ఉంటుంది. మీరు పూనకం వచ్చినట్టు ఊగిపోయేదీ ఆ రోజుల్లోనే. అయితే పంచాంగానికి ఒక మర్యాద ఉంది, అది ఏడాదికి ఒక్కటే. ఉగాదినాడు ఆదాయం 2, వ్యయం 14 అని చదివాక, శ్రీరామనవమికల్లా "వర్షన్ 2.0: తాజా సమాచారం ప్రకారం వ్యయం 8" అని ఏ సిద్ధాంతిగారూ అనరు. మీరు అంటారు. 3.0 అంటారు, 7.0 అంటారు, ఫైనల్ అంటారు, డ్రాఫ్ట్ రోజు పొద్దున్న "నిజంగా ఫైనల్" అని ఇంకొకటి వదులుతారు. డ్రాఫ్ట్ ముగిసిన మర్నాడే వచ్చే ఏడాది జాబితా సిద్ధం. అందులోని కుర్రాళ్లు అప్పటికింకా సెమిస్టర్ పరీక్షలు రాస్తుంటారు పాపం.

ఇన్ని వర్షన్ల మధ్య మారిందేమిటో ఒక్కసారి చెప్పండి. కాలేజీ ఆట జనవరితో సరి. ఆ తర్వాత లెక్కకొచ్చే మ్యాచ్‌లో ఎవడూ బంతి విసరడు, ఎవడూ ఎవడినీ పడగొట్టడు. మధ్యలో ఇండియానాపొలిస్‌లో కంబైన్ అని ఒక తతంగం ఉంటుంది. కుర్రాళ్లు నిక్కర్లు వేసుకుని 40 గజాలు పరిగెడతారు, ఎగురుతారు, 225 పౌండ్ల బరువు ఎత్తుతారు. వాళ్ల అరచేతులు కూడా స్కేలు పెట్టి కొలుస్తారు. 2022లో కెన్నీ పికెట్ అనే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) చెయ్యి ఎనిమిదిన్నర అంగుళాలే ఉందని తేలితే, దేశానికి ఏదో ఉపద్రవం వచ్చినట్టు మీరు చేసిన హడావుడి నాకు గుర్తుంది. 2020లో జో బర్రో చెయ్యి తొమ్మిది అంగుళాలన్నప్పుడూ ఇదే గోల. అతను మాత్రం బంతి నా బుల్లి చేతుల్లోంచి జారిపోతుందట, రిటైరవ్వాలేమో అని జోకేసి ఊరుకున్నాడు. సిన్సినాటి బెంగాల్స్ జట్టువాళ్లు అతన్ని మొదటి పిక్‌తో తీసుకున్నారు. రెండో సీజన్‌కే ఆ బుల్లి చేతులు జట్టును సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాయి.

అదే బెంగాల్స్ 2017లో జాన్ రాస్‌ను తొమ్మిదో పిక్‌తో తీసుకున్నారు. కంబైన్‌లో 40 గజాలు 4.22 సెకన్లలో పరిగెత్తి రికార్డు కొట్టినవాడు. స్టాప్‌వాచ్ చూసి మురిసిపోయినవాళ్లలో మీరు ముందున్నారు. మొదటి సీజన్‌లో అతను పట్టిన పాసులు సున్నా.

పోనీ కుర్రాళ్ల సంగతి వదిలేద్దాం, ఏ జట్టుకు ఏం కావాలో మాకు తెలుసు అంటారు. అట్లాంటా ఫాల్కన్స్ 2024 మార్చిలో కర్క్ కజిన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌తో నాలుగేళ్లకు 180 మిలియన్ డాలర్ల దాకా వెళ్లే ఒప్పందం రాసుకున్నారు. అంత డబ్బు పోసినవాడు ఉండగా ఇంకో క్వార్టర్‌బ్యాక్ దేనికి? డిఫెన్స్‌లో ఒక కుర్రాడిని తీసుకుంటారు అని మీరు లెక్క కట్టారు. న్యాయమైన లెక్కే. ఏప్రిల్‌లో వాళ్లు ఎనిమిదో పిక్‌తో మైకేల్ పెనిక్స్ జూనియర్‌ను తీసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్. మీ జాబితాలో బుర్ర ఉంది గానీ, జట్టు యాజమాన్యాల్లో అది తప్పనిసరిగా ఉండాలని రూలేమీ లేదు కదా.

పైగా ఏప్రిల్ నెలలో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిజం చెప్పే నాథుడు లేడు. ఇష్టమున్న కుర్రాడి మీద అయిష్టం నటిస్తారు, అక్కర్లేనివాడిని విమానమెక్కించి పిలిపించుకుని డిన్నర్ పెడతారు. పక్క జట్టును తప్పుదోవ పట్టించడానికి కావాలనే విలేకర్ల చెవిలో ఒక మాట వేస్తారు. ఆ మాట మీ 5.0లో చేరుతుంది. మీ 5.0 చూసి ఇంకొకరి 6.0 మారుతుంది. వారానికల్లా "అందరూ అంటున్నారు" అనే బిరుదు దానికి దక్కుతుంది. మొదట అన్నది ఎవరో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. 2023లో విల్ లెవిస్ విషయంలో ఇదే జరిగింది. ఇతగాడు కాఫీలో మయొనీజ్ కలుపుకుని తాగిన వీడియోతో అప్పటికే పేరు మోసినవాడు, అది వేరే కథ. మొదటి పిక్ నేనేనని లెవిస్ తనవాళ్లకు చెప్పుకుంటున్నాడట అని ఇంటర్నెట్‌లో ఒక అనామకుడు రాశాడు. అంతే, బెట్టింగ్ లెక్కలు ఒక్క రోజులో తల్లకిందులయ్యాయి. డ్రాఫ్ట్ రాత్రి లెవిస్ కుటుంబంతో సహా గ్రీన్ రూమ్‌లో, అంటే పిలుపు కోసం ఎదురుచూసే గదిలో, కూర్చున్నాడు. మొదటి రౌండ్ మొత్తం అయిపోయింది. పేరు పిలవలేదు. మర్నాడు 33వ పిక్‌గా టెనసీ జట్టుకు వెళ్లాడు.

ఇక నేను అసలు ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో అక్కడికి వస్తాను.

మీ లెక్క తప్పడం మీద నాకు కోపం లేదు. తప్పాక మీరు వాడే భాష మీద ఉంది. కుర్రాడిని మీరు చెప్పినదానికంటే ఆలస్యంగా తీసుకుంటే, "పడిపోయాడు" అంటారు. ఎక్కడి నుంచి పడ్డాడండీ? మీరు వేసిన నిచ్చెన మీది నుంచి. అతను దాన్ని ఎక్కానని ఎప్పుడూ అనలేదు. మీరు చెప్పినదానికంటే ముందే తీసుకుంటే జట్టు "రీచ్" చేసింది, అంటే తెలివితక్కువగా తొందరపడింది. ఆలస్యంగా తీసుకుంటే అదే జట్టుకు "స్టీల్", కొట్టేసిందన్నమాట. కుర్రాడికి తప్పు ఉంది, జట్టుకు తప్పు ఉంది. మీ నిఘంటువులో మీ తప్పుకు మాత్రం పదం లేదు.

2005లో ఆరన్ రాడ్జర్స్ మొదటి పిక్ కావచ్చని ఊదరగొట్టారు. ఆ పిక్‌తో శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు అలెక్స్ స్మిత్‌ను పిలిచారు. ఆ తర్వాత గంటల తరబడి కెమెరా ఆ ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి మొహం మీదే. చావింట్లో కూర్చున్నవాడిని చూపించినట్టు చూపించారు. చివరికి 24వ పిక్‌తో గ్రీన్ బే తీసుకుంది. అక్కడ ఒక సూపర్ బౌల్, నాలుగు ఎంవీపీలు (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడి బిరుదు). (199వ పిక్‌గా వచ్చి మహారథి అయిన టామ్ బ్రేడీ ముచ్చట నేను ఎత్తను. దాన్ని చెప్పనివాడంటూ లేడు.)

2025 ఇంకా దారుణం. కొలరాడో క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్. తండ్రి డియాన్ శాండర్స్ మా కౌబాయ్స్‌కి కూడా ఆడిన మహానుభావుడు, కాబట్టి మా ఊళ్లో ఆసక్తి రెండింతలు. మీరు మొదట కుర్రాడిని టాప్ 3లో కూర్చోబెట్టారు. తర్వాత న్యూయార్క్ జెయింట్స్‌కి ఇచ్చారు. పోనీ 21వ పిక్‌లో పిట్స్‌బర్గ్‌కి అన్నారు. గురువారం రాత్రి మొదటి రౌండ్ అయిపోయింది, పిలుపు లేదు. శుక్రవారం రెండు రౌండ్లు అయిపోయాయి, లేదు. మధ్యలో ఫోన్ మోగింది. తీరా చూస్తే అది ఆకతాయి ఫోన్. ఒక జట్టు కోచ్ ఇంట్లోంచి కుర్రాడి నంబర్ బయటికి పొక్కిందని తేలి, లీగ్ ఆ జట్టుకు రెండున్నర లక్షల డాలర్లు, కోచ్‌కు లక్ష డాలర్లు జరిమానా వేసింది. శుక్రవారం క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఒక క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకున్నారు. ఇతన్ని కాదు, డిలన్ గేబ్రియల్‌ని. శనివారం అయిదో రౌండ్‌లో, 144వ పిక్‌గా, అదే బ్రౌన్స్ ఇతన్ని కూడా తీసుకున్నారు. పంచాంగం భాషలో చెప్పాలంటే రాజపూజ్యం 3, అవమానం 144.

జట్లు ఎందుకు వద్దనుకున్నాయో వాటికే తెలియాలి. ఆ పట్టింపులు సబబేనేమో కూడా, నేను కాదనను. కానీ ఆ మూడు రోజులు దేశం చూసిన తమాషాకి టికెట్లు అచ్చేసింది మీరు. మీరు ముందే 'అయిదో రౌండ్' అని ఉంటే, లేదా అసలు నోరు మూసుకుని ఉంటే, అయిదో రౌండ్‌లో ఎంపికైన కుర్రాడు ఇంట్లోవాళ్లతో స్వీట్లు పంచుకునేవాడు. డబ్బు తేడా కూడా వినండి. ఆ ఏడాది మొదటి పిక్ కామ్ వార్డ్‌కు నాలుగేళ్లకు 48 మిలియన్ డాలర్లకు పైనే. 144కు సుమారు 4.6 మిలియన్లు. ఆ పిల్లాడు మీ అంకెలు నమ్మి మనసులో ఏ ఇల్లు కొనుక్కున్నాడో, ఎవరికి ఏం మాటిచ్చుకున్నాడో.

మీకు పూర్వీకుల చరిత్ర కూడా తెలిసినట్టు లేదు. మొట్టమొదటి డ్రాఫ్ట్ 1936లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్‌లో జరిగింది. అప్పుడు ఊరూరా తిరిగి కుర్రాళ్లను అంచనా కట్టే స్కౌట్లు లేరు, స్కేళ్లు లేవు. బోర్డు మీద తొంభై దాకా పేర్లు రాసి పెట్టుకున్నారు, అంతే. మొదటి పిక్ జే బెర్వాంగర్, షికాగో యూనివర్సిటీ హీరో. జీతం కుదరక అతను ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఫోమ్ రబ్బర్ అమ్ముకుని బతికాడు. ఈ వ్యవస్థ తొలి జాతకమే అలా తెల్లారింది.

తర్వాత రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త, కేడ్ మాసీతో కలిసి డ్రాఫ్ట్ లెక్కలన్నీ తిరగేశాడు. ఈ థేలర్‌కే 2017లో నోబెల్ వచ్చింది. ఒకే పొజిషన్‌లో ముందు ఎంపికైనవాడు, వాడి వెనకే ఎంపికైనవాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం ఎంతో చూశారు. 52 శాతం. స్కౌట్లను, డాక్టర్లను, సైకాలజిస్టులను పెట్టుకుని కోట్లు పోసే జట్ల గతి ఇది. మరి మీరో? సోఫాలో కూర్చుని, ఆ జట్లు ఎలా పొరపడతాయో కూడా వరుస తప్పకుండా చెబుతామంటున్నారు. 32లో పదింటికి సరైన జట్టు, సరైన పేరు కలిస్తే మీలో అది పండగ. పదో తరగతిలో ఆ మార్కులు తెస్తే మా నాన్న వీపు విమానం మోత మోగించేవారు.

2025లో రెండో పిక్ దగ్గరే కదా మీ కొంప మునిగింది. ట్రావిస్ హంటర్ క్లీవ్‌లాండ్‌కి అని మీలో ఎంతమంది రాశారు! జాక్సన్‌విల్ అయిదో స్థానం నుంచి ఎగబాకి, బేరం పెట్టి అతన్ని ఎత్తుకుపోయింది. ఒక్క బేరంతో కింద ఉన్న అన్ని గడులూ కదిలిపోయాయి. "ఈ జాబితాలో ట్రేడ్లు (జట్లు పిక్‌లు మార్చుకునే బేరాలు) లెక్కలోకి తీసుకోలేదు" అని మీరు అడుగున చిన్నక్షరాల్లో రాస్తారే, అసలు ఆట అంతా దాంట్లోనే ఉంటుంది మహానుభావా. మా కౌబాయ్స్ 12వ పిక్‌కి మీరు ఎన్నిసార్లు రిసీవర్లను, అంటే పాసులు పట్టేవాళ్లను, తెచ్చి పెట్టారో. మేము జెర్సీ రంగులు కూడా ఊహించుకున్నాం. వాళ్లు అలబామా గార్డ్ టైలర్ బుకర్‌ను తీసుకున్నారు. ఫంక్షన్‌లో గార్డ్ కావాలన్న మా బావ అప్పట్నుంచీ నేలమీద నడవడం లేదు.

మీ మీద కోపం వచ్చినవాళ్లూ ఉన్నారు. 1994లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ పెద్ద బిల్ టోబిన్, టీవీలో డ్రాఫ్ట్ జోస్యాలు చెప్పే మీ కులగురువు మెల్ కైపర్ జూనియర్ విమర్శకు మండిపడి, అసలు ఈయనెవరు, పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసే మా పొరుగాయనకు ఇంతకంటే అర్హత ఉంది అని టీవీలోనే కడిగేశాడు. ఆ గొడవలో కోల్ట్స్ వెనకేసుకొచ్చిన కుర్రాడు ట్రెవ్ ఆల్బర్ట్స్ గాయాలతో మూడేళ్లకే ఆట మానేశాడు. కాబట్టి ఆ రౌండ్ మీకే ఇచ్చేస్తాను. పోస్ట్‌మ్యాన్‌గారి జాబితా ఎవరూ అడగలేదు గనక పోటీ అక్కడితో ఆగింది.

నాకు మీ దగ్గర కావాల్సింది ఒకటే. వచ్చే ఏప్రిల్‌లో ఏ కుర్రాడైనా మీ అంకె దాటి కిందికి వెళితే, టీవీ కింద నడిచే ఆ పట్టీలో "పడిపోయాడు" బదులు "మా అంచనా తప్పింది" అని వేయండి. అక్షరాలు కొంచెం ఎక్కువే. అయినా అక్కడ చోటు బోలెడంత ఉంటుంది.

ఇట్లు,
మీ 1.0 నుంచి "నిజంగా ఫైనల్" దాకా అన్నీ చదివిన
ఫ్రిస్కో తెలుగువాడు

తా.క.: 2010లో జిమ్మీ క్లాసెన్ ఎనిమిదేళ్లలో మంచి క్వార్టర్‌బ్యాక్ కాకపోతే నేను ఈ పని మానేస్తానని మీ కైపర్‌గారు అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నారు. క్లాసెన్ ఆ ఏడాది పది ఆటలు మొదలుపెట్టి ఒక్కటి గెలిచాడు. మరుసటి ఏడాదికే అతని జట్టు కరోలినా మొదటి పిక్‌తో కామ్ న్యూటన్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంది. ఎనిమిదేళ్లు 2018లోనే నిండాయి. ఆయనకు గుర్తుచేయగలరు.