ఎర్త్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ: స్కోరు సరే, మీ ప్రశ్న ఏది?

ఎమ్మెస్సీ జియాలజీ గానీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ గానీ పూర్తి చేసి పీహెచ్‌డీకి అప్లై చేద్దామనుకునే మన పిల్లలు ముందుగా అడిగేది ఏ పరీక్ష రాయాలి, ఎంత స్కోరు వస్తే సీటొస్తుంది అని. అడగడంలో తప్పు లేదు, మన దేశంలో చాలాచోట్ల తలుపు తెరిచేది ఆ పరీక్షే. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్నాక "నాలుగైదేళ్లు దేని మీద పని చేస్తావు?" అని అడిగితే "క్లైమేట్ చేంజ్ మీద సార్" అనో "గ్రౌండ్‌వాటర్ మీద సార్" అనో జవాబు వస్తుంది. అవి సిలబస్‌లో అధ్యాయాల పేర్లు. వాటి మీద ఎవరూ థీసిస్ రాయలేరు. మన దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇందులో పిల్లల తప్పు కొంతే. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరుతోనే పీహెచ్‌డీ అడ్మిషన్లు ఇచ్చుకోవచ్చని 2024లో యూజీసీ చెప్పింది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్లకు ఇంటర్వ్యూ ఆధారంగా సీటిస్తారు, మిగతా రెండు కేటగిరీల వాళ్లకు (అసిస్టెంట్ ప్రొఫెసర్, పీహెచ్‌డీ రెండింటికీ గానీ, పీహెచ్‌డీకి మాత్రమే గానీ అర్హత వచ్చినవాళ్లకు) మాత్రం నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ, పైగా ఆ స్కోరు ఏడాది మాత్రమే చెల్లుతుంది. సైన్స్ వాళ్లు రాసే సీఎస్ఐఆర్ నెట్‌లో మన పేపర్ భూమి, వాతావరణం, సముద్రం, గ్రహాలు అన్నీ కలిపిన పేపర్. గేట్ రాసేవాళ్లకు జియాలజీ, జియోఫిజిక్స్ కలిపి ఒకటి ఉంది, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కు 2021 నుంచి వేరే పేపర్ వచ్చింది. వీటిలో దేనిలోనూ కొండ ఎక్కి రాతి పొరల వాలు కొలవడం వచ్చా, బోరు దగ్గర శాంపిల్ కలుషితం కాకుండా పట్టడం వచ్చా అని చూడరు, చూడలేరు కూడా. ఈ సబ్జెక్టుకు ప్రాణం ఫీల్డ్. దానికి 70 శాతంలో చోటు లేదు, 30 శాతంలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడిగితే ఉంటుంది. రెండేళ్లు కోచింగ్ మెటీరియల్ మధ్య గడిపిన విద్యార్థికి సొంత ప్రశ్న తయారు చేసుకునే టైమ్ ఎక్కడుంది?

కానీ ప్రశ్న కోసం దూరం వెళ్లక్కర్లేదు. నల్లగొండ ఫ్లోరైడ్‌నే తీసుకోండి. అందరికీ తెలిసిన విషయమే, వందల పేపర్లు వచ్చాయి, ఇంక కొత్తగా ఏముంది అనిపిస్తుంది. ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ గురించి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి 1937లోనే శాస్త్రీయంగా రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నంతో నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారు చేసిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. గ్రానైట్‌లోని ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుందని, కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో అది ఎక్కువగా నిలుస్తుందని టెక్స్ట్‌బుక్‌లోనే ఉంది. మరి పక్కపక్క పొలాల్లో ఉన్న రెండు బోర్లలో ఒకదాని నీళ్లు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి లోపల ఉండి, రెండోదాని నీళ్లు దానికి ఎన్నో రెట్లు ఎందుకుంటాయి? లోతు వల్లా, పగుళ్ల వల్లా, నీరు రాతిలో ఎన్నేళ్లు నిలిచిందన్నదాని వల్లా, పొలానికి పెట్టిన నీరు ఆవిరై మళ్లీ కిందికి దిగడం వల్లా? మిషన్ భగీరథ వచ్చాక తాగే నీటి సంగతి చాలావరకు మారింది, పొలానికి మాత్రం ఇంకా ఆ బోరు నీళ్లే పారుతున్నాయి, అలాంటప్పుడు మట్టిలో, పశువుల మేతలో ఫ్లోరైడ్ ఏమవుతోంది? ఇలా అడిగిన రోజు అది పీహెచ్‌డీ ప్రశ్న అవుతుంది. దానికి ఏ పరికరం కావాలో, ఎన్ని సీజన్లు శాంపిళ్లు తీయాలో, ఏ ల్యాబ్‌లో ఐసోటోపులు కొలుస్తారో అన్నీ అక్కడి నుంచి వరుసగా వస్తాయి. సిద్దిపేటలో కూర్చున్న కమిటీ అయినా జర్మనీలో కూర్చున్న ప్రొఫెసర్ అయినా ఆ అభ్యర్థిని గుర్తుపెట్టుకుంటారు.

ఇలాంటివి మన చుట్టూ ఇంకా ఉన్నాయి. ఉప్పాడ దగ్గర సముద్రం ఏటా ఊరిని కోసుకుంటూ వస్తోంది, పైన ఆనకట్టల వెనక ఆగిపోయిన గోదావరి ఒండ్రుకు అందులో ఎంత వాటా ఉంది? రాజమండ్రి దగ్గరి లావా పొరలకు, వందల కిలోమీటర్ల అవతలి దక్కన్ లావాకు ఉన్న సంబంధం ప్రపంచమంతా ఆసక్తిగా చూసే విషయం. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో, ఉన్న సరస్సు.

డబ్బు లేకుండా మొదలుపెట్టే దారి కూడా ఉంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఉచితం. జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) మ్యాపులు భూకోశ్ వెబ్‌సైట్‌లో, ఇస్రో డేటా భువన్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్. సొంత మండలంలో ముప్పై ఏళ్లలో చెరువులు ఎంత కుంచించుకుపోయాయో ఒక మ్యాపు గీసి, పది ఊళ్లు తిరిగి సరిచూసి, నాలుగు పేజీలు రాసి పెట్టుకుంటే దరఖాస్తుకు అంతకంటే మంచి జోడింపు నాకు తెలీదు.

ఇక గైడ్ సంగతి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లు మాత్రమే ఉండాలి. అంటే మీకు నచ్చిన మేడమ్ దగ్గర ఖాళీ లేకపోతే మీ స్కోరు ఎంతున్నా ఆమె దగ్గర చేరలేరు. నోటిఫికేషన్ రాకముందే మెయిల్ రాయండి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్" అని యాభై మందికి ఒకే మెయిల్ పంపితే ఎవరూ చదవరు. మీరు మెయిల్ పంపే ప్రొఫెసర్ పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థం కాని ఒక్క విషయం అడిగితే చదువుతారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ విషయంలో గొప్ప వెసులుబాటు ఉంది: ఉప్పల్‌లో ఎన్‌జీఆర్ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ), ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం), బాలానగర్‌లో ఎన్ఆర్ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం), గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, అన్నీ సిటీ బస్సులో వెళ్లగలిగేంత దూరంలోనే.

విదేశాలకైతే పద్ధతి వేరు. అమెరికాలో చాలా జియాలజీ విభాగాలు జీఆర్ఈ అడగడం మానేశాయి, ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టు డబ్బుందా లేదా అన్నదే సీటును తేలుస్తుంది. 2025లో అక్కడి ప్రభుత్వ నిధుల కోతలతో చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కాబట్టి అదొక్కటే నమ్ముకోవద్దు. జర్మనీ, స్వీడన్, నార్వేల్లో పీహెచ్‌డీ చాలావరకు జీతమిచ్చే ఉద్యోగం. ప్రకటన వేస్తారు, ఆ ప్రాజెక్టుకు మీరు సరిపోతారా అని చూస్తారు.

రికమండేషన్ లెటర్ గురించి ఒక్క మాట సార్‌లకు కూడా చెప్పాలి. "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అనే అలవాటు మన కాలేజీల్లో ఉంది, దాంతో ముగ్గురి లెటర్లూ ఒకే మనిషి రాసినట్టు వెళ్తాయి, చదివే కమిటీకి అది ఇట్టే తెలిసిపోతుంది. ఫీల్డ్ ట్రిప్‌లో ఆ అమ్మాయి ఏం గమనించిందో గుర్తు చేసుకుని మీరే నాలుగు వాక్యాలు రాయండి. అది ఆమె జీవితం.

డబ్బు లెక్క కూడా ముందే చూసుకోవాలి. జేఆర్ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. ఫెలోషిప్ లేకుండా చేరితే మాత్రం ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడాలి, ఎందుకంటే ఈ సబ్జెక్టులో శాంపిళ్లకు తిరగడానికీ, బయటి ల్యాబ్‌లో ఎనాలిసిస్‌కూ ఖర్చుంటుంది, గైడ్ దగ్గర ప్రాజెక్టు లేకపోతే అది మీ జేబులోంచే పోతుంది. ఆ గైడ్ దగ్గర ఇప్పుడు చేస్తున్న స్కాలర్లకు ఫోన్ చేసి అడగండి: ఫెలోషిప్ నెలనెలా పడుతోందా, ఫీల్డ్‌కు బండి ఎవరిస్తారు, అమ్మాయిలు ఒంటరిగా వెళ్లాల్సి వస్తే తోడు ఎవరిని పంపుతారు, ముందు చేరినవాళ్లకు థీసిస్ ఎన్నేళ్లలో పూర్తయింది. వాళ్లు ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన చోటే అప్లై చేయండి.