ర్యాంకు లేని చోట ర్యాంకు కోసం: అమెరికా తెలుగు ఇళ్లలో సీనియర్ ఏడాది

అమెరికాలో హైస్కూలు చివరి ఏడాది చదివేవారిని సీనియర్లు అంటారు. మన లెక్కలో అది పన్నెండో తరగతి. చాలా చోట్ల బడి తెరవకముందే, ఆగస్టు 1న, కామన్ యాప్ కొత్త దరఖాస్తులకు తెరుచుకుంటుంది. వెయ్యికి పైగా కళాశాలలు, విశ్వవిద్యాలయాలు అంగీకరించే ఈ ఒక్క దరఖాస్తుతో ఒక విద్యార్థి ఇరవై సంస్థల దాకా ప్రయత్నించవచ్చు. అక్కడి నుంచి, ఏ కాలేజీలో చేరేదీ తేల్చి చెప్పాల్సిన మే 1 దాకా, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనైనా న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనైనా సీనియర్ ఉన్న తెలుగు ఇంట్లో మాటలన్నీ 'సీటు ఎక్కడ వస్తుంది' అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఎంత కట్టగలమన్నది, పిల్లల వీసా పరిస్థితి ఏమిటన్నది మాత్రం మార్చి నెలాఖరులో ఫలితాలు వచ్చాక గానీ చర్చకు రావు. నిజానికి ఆ ఏడాది ఎలా ముగుస్తుందన్నది చాలావరకు ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది. దరఖాస్తును తీర్చిదిద్దడానికి పడుతున్న శ్రమలో నాలుగో వంతు వీటి మీద పెట్టినా మన కుటుంబాల్లో చాలా ఆందోళన తప్పేది.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం కష్టం కాదు. ఇప్పుడు సీనియర్ల తల్లిదండ్రులుగా ఉన్నవారిలో చాలామంది తొంభైలలో ఎంసెట్ రాసినవారు. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ర్యాంకు వరుసలో కౌన్సెలింగ్‌కు పిలుపు. ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని వెళ్లి, అప్పటికి మిగిలిన సీట్లలో ఒకదాన్ని నిమిషాల్లో ఎంచుకుని రావడం. ఆ పద్ధతిలో ఎన్ని లోపాలున్నా, సీటు ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో ఎవరికైనా తెలిసేది. ఇక్కడ ఆ స్పష్టత లేదు. కాలేజీ ప్రవేశాల కోసం రాసే, 1,600 మార్కుల శాట్ పరీక్షనే తీసుకోండి. కోవిడ్ కాలంలో దాన్ని ఐచ్ఛికం చేసిన సంస్థల్లో ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్ 2024లో మళ్లీ తప్పనిసరి బాట పట్టాయి; యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మాత్రం ప్రవేశ నిర్ణయంలో ఆ స్కోరును అసలు చూడనే చూడవు. ఒకే స్కోరుకు ఒక చోట విలువ ఉంది, మరో చోట లేదు. 1,560 వచ్చిన పిల్లవాడికి రాని సీటు 1,480 వచ్చిన పక్కింటి అమ్మాయికి వస్తే మన వాళ్లు అందులో అన్యాయాన్ని వెతుకుతారు. ఆ సంస్థ ఆ ఏడాది ఎవరి కోసం చూస్తున్నదో బయటివారికి తెలిసే మార్గం లేదన్న సంగతి మాత్రం మింగుడుపడదు.

మనకు అలవాటైన ర్యాంకుకు దగ్గరగా కనిపించేది టెక్సాస్‌లో ఒకటుంది. 1996 నాటి సమాఖ్య కోర్టు హాప్‌వుడ్ తీర్పుతో జాతిని బట్టి ప్రవేశాలు ఇవ్వడం ఆగిపోయాక, పేద, గ్రామీణ ప్రాంతాల బడుల పిల్లలకు దారి మూసుకుపోకూడదని రాష్ట్ర శాసనసభ 1997లో ఒక చట్టం చేసింది. ప్రతి హైస్కూలులోనూ తరగతి ర్యాంకులో పై పది శాతంలో ఉన్నవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం దానంతటదే దక్కుతుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కు మాత్రం ఇందులో పరిమితి పెట్టారు. అక్కడ గీత కొన్నేళ్ల పాటు ఆరు శాతం దగ్గర ఉండి, 2026 ప్రవేశాలకు ఐదు శాతానికి తగ్గింది. డాలస్ శివార్లలోని బడుల్లో మన పిల్లలు పోటీపడేది ప్రధానంగా ఒకరితో ఒకరే కనుక, మార్కుల సగటైన జీపీఏలో దశాంశం తర్వాతి మూడో అంకె కోసం తొమ్మిదో తరగతి నుంచే కోర్సులు లెక్కగట్టి ఎంచుకునే పరిస్థితి వచ్చింది. ఇంత చేసినా ఆ ర్యాంకు ఇచ్చేది విశ్వవిద్యాలయంలో చోటు మాత్రమే. మన వాళ్లలో ఎక్కువమంది కోరుకునే కంప్యూటర్ సైన్స్‌లోనో బిజినెస్‌లోనో సీటుకు అది హామీ కాదు. ఏప్రిల్‌లో ఈ సంగతి తెలిసి నివ్వెరపోయే కుటుంబాలు ఏటా ఉంటాయి.

ఇక డబ్బు. కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఫీజు, వసతి, భోజనం కలిపి ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటింది. ఆ మొత్తాన్ని అందరూ కట్టరు. ఎవరు ఎంత కడతారన్నది ఆదాయం, ఆస్తులు, ఆ సంస్థ విధానం కలిసి తేల్చే విషయం. ఈ అంచనా ముందుగానే తెలుసుకునేందుకు ప్రతి కళాశాల తన వెబ్‌సైటులో ఒక లెక్కింపు సాధనం ఉంచాలన్న సమాఖ్య నిబంధన 2011 నుంచి అమల్లో ఉంది. పన్ను రిటర్ను పక్కన పెట్టుకుని కూర్చుంటే ఒక్కో కాలేజీకి పావుగంట పడుతుంది. ఎస్సే పదిహేనోసారి తిరగరాయించే ఇళ్లలో కూడా ఈ పావుగంట పని చేసినవారు తక్కువే కనిపిస్తారు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన ఇంటికి చాలా చోట్ల అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం దాదాపు సున్నా; అలాగని నాలుగేళ్లకు మూడున్నర లక్షల డాలర్లు తీసి ఇచ్చేంత పొదుపూ ఉండదు. దరఖాస్తు పెట్టే కాలేజీల జాబితా ఆ ఇంటిది ఒక విధంగా ఉండాలి. ఒక్క జీతంతో నడిచే ఇంటిది, మోటల్‌లోనో గ్యాస్ స్టేషన్‌లోనో పనిచేసే కుటుంబానిది పూర్తిగా మరో విధంగా ఉండాలి. బయట చూస్తే అందరి జాబితాలూ ఒకటే.

సమాఖ్య సాయానికి పెట్టుకునే ఫాఫ్సా దరఖాస్తు విషయంలో మన వాళ్లలో ఒక అపోహ బలంగా ఉంది. తల్లిదండ్రులు హెచ్‌1 వీసా మీద ఉన్నా, ఇక్కడే పుట్టి పౌరసత్వం ఉన్న విద్యార్థి ఫాఫ్సా పెట్టుకోవచ్చు. పెద్దల వీసా దానికి అడ్డు కాదు. గ్రాంటు రాదని ముందే తీర్మానించుకుని ఈ దరఖాస్తు మానేసిన కుటుంబం, మొదటి ఏడాది విద్యార్థి పేరిట వచ్చే 5,500 డాలర్ల సమాఖ్య రుణాన్ని కూడా వదులుకున్నట్లే. ఏటా అక్టోబరు 1న తెరుచుకోవాల్సిన ఈ ఫారం 2023లో డిసెంబరు చివరి రోజుల దాకా రాకపోవడం, వివరాలు కళాశాలలకు మార్చిలో గానీ చేరకపోవడం, దాంతో ఎన్నో సంస్థలు మే 1 గడువును పొడిగించడం తెలిసిందే. ఆ గందరగోళం తర్వాత అక్టోబరు 1 తేదీని అమెరికా చట్టసభ కాంగ్రెస్ 2024 డిసెంబరులో చట్టబద్ధం చేసింది. ఇల్లినాయ్, టెక్సాస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలైతే సీనియర్లు ఫాఫ్సా పెట్టుకోవడమో, వద్దని రాతపూర్వకంగా చెప్పడమో చేయాల్సిందేనన్న నిబంధన తెచ్చాయి. మంచి నిబంధనే. సంతకం చేసి వద్దనే ముందు కనీసం దాని గురించి ఇంట్లో ఒకసారి మాట్లాడుకుంటారు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో కాలేజీలు పంపే ఆర్థిక సాయం లేఖను ఒకసారి దగ్గరగా చూడాలి. పైన అభినందనలు, కింద ఒక పట్టిక. గ్రాంటు, క్యాంపస్‌లో పనిచేసి సంపాదించుకోవాల్సిన మొత్తం, విద్యార్థి పేరిట రుణం, ఒక్కోసారి తల్లిదండ్రుల పేరిట రుణం, అన్నీ ఒకదాని కింద ఒకటి వేసి అడుగున 'మొత్తం సాయం' అని రాస్తారు. తిరిగి చెల్లించాల్సిన అప్పును సాయంలో కలిపి చూపించడం ఏ కిరాణా కొట్టులోనూ చెల్లదు గానీ ఇక్కడ చెల్లుతోంది. ఎంత కట్టాలన్న అసలు అంకెను 91 శాతం కళాశాలలు తమ లేఖల్లో చెప్పనే చెప్పడం లేదని, లేదా తగ్గించి చూపుతున్నాయని అమెరికా కాంగ్రెస్‌కు లెక్కలు చెప్పే జీఏఓ 2022లో అంచనా వేసింది. పైగా, లోటును పూడ్చుకోవడానికి తల్లిదండ్రులు ఎంతవసరమైతే అంత తీసుకోగలిగిన పేరెంట్ ప్లస్ రుణానికి 2025లో వచ్చిన చట్టం పరిమితి పెట్టింది. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఒక్కో విద్యార్థి మీద ఏడాదికి 20 వేల డాలర్లు, మొత్తం 65 వేలు మించి ఇవ్వరు. 'ముందు చేర్పిద్దాం, తర్వాత చూద్దాం' అన్న ధోరణికి దీంతో కాలం చెల్లినట్లే.

ఎర్లీ డెసిషన్‌ను కూడా ఈ వెలుగులోనే చూడాలి. సాధారణంగా నవంబరు 1 గడువుతో ఒకే ఒక్క సంస్థకు, సీటిస్తే తప్పక చేరతామన్న మాటతో పెట్టుకునే దరఖాస్తు ఇది. దీనివల్ల అవకాశం పెరుగుతుందన్న మాట మన వాట్సాప్ బృందాల్లో బాగా తిరుగుతుంది, అందులో నిజం లేకపోలేదు. కాని ఆ మాట ఇచ్చాక వేరే కాలేజీల సాయంతో పోల్చి చూసుకునే అవకాశం పోతుంది. ఖర్చు లెక్క కాని కుటుంబానికి అది సరైన మార్గమే. మిగిలినవారు ఆ పావుగంట లెక్క చేయకుండా దాని జోలికి వెళ్లకూడదు.

వీసా విషయం ఇంతకంటే కఠినం. చిన్నప్పుడే తల్లిదండ్రులతో వచ్చి, కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివి, ఇంకా తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడిన హెచ్‌4 మీదే ఉన్న పిల్లలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించరాదన్న పరిమితి వల్ల భారతీయుల వరుస పదేళ్లు దాటి సాగుతోంది. ఈ పిల్లలకు సమాఖ్య ఆర్థిక సాయం లేదు. కొన్ని సంస్థలు సాయం విషయంలో వీరిని విదేశీ విద్యార్థులుగానే లెక్కిస్తాయి. స్థానికులకిచ్చే తక్కువ ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఆ తేడా రెండు మూడు రెట్లు ఉంటుంది. జీతం వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్ చేయడానికి అనుమతి లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, 17 ఏళ్లకు సీనియరైన విద్యార్థికి 21 ఏళ్లు నిండేది డిగ్రీ పూర్తికాకముందే. ఆ రోజుతో హెచ్‌4 ముగిసిపోతుంది, విద్యార్థి వీసా ఎఫ్‌1కు మారాలి. మారితే కొన్ని రాష్ట్రాల్లో స్థానిక ఫీజు కోల్పోయే ప్రమాదం ఉంటుంది, మారకపోతే దేశంలో ఉండే అర్హతే పోతుంది. ఏ కళాశాల ఈ స్థితిని ఎలా చూస్తుందో పదకొండో తరగతిలోనే రాసి అడిగి తెలుసుకోవాలి. కామన్ యాప్‌లో పౌరసత్వం అడిగే గడి దగ్గరకు వచ్చాక మొదటిసారి తన పరిస్థితి తెలుసుకునే పిల్లలున్నారంటే ఆ తప్పు పిల్లలది కాదు. తల్లిదండ్రులు బాధ పెట్టడం ఇష్టం లేక దాచి ఉంచిన విషయం, చెప్పుకోవాల్సిన అతి చెడ్డ సమయంలో బయటపడుతుంది.

దరఖాస్తు సంగతికి వస్తే, అందులో పది కార్యకలాపాల వరకు రాసుకోవచ్చు, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలు. మన పిల్లల జాబితాలు పక్కపక్కన పెడితే కూచిపూడి, కర్నాటక సంగీతం, రోబోటిక్స్, డిబేట్, ఒక స్వచ్ఛంద సంస్థ స్థాపన, దాదాపు ఇదే వరుస. వేల డాలర్లు తీసుకునే ప్రైవేటు కన్సల్టెంట్లు ఈ పోలికను తగ్గించడం అటుంచి ఇంకా పెంచుతున్నారని నా అనుమానం. విజిటర్ వీసా మీద వచ్చిన నాయనమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆమె చెప్పేది ఇంగ్లిషులో చెప్పే అమ్మాయి, రాత్రి షిఫ్టు చేసే తల్లి వచ్చేదాకా తమ్ముణ్ణి చూసుకునే అబ్బాయి ఆ పనులను జాబితాలో రాయరు. అది గొప్పగా చెప్పుకునే పని కాదని ఇంట్లో అనుకుంటారు. కుటుంబ బాధ్యతలకు కామన్ యాప్‌లో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. ఈ సంగతి చెప్పాల్సిన బడి కౌన్సెలర్‌కు తీరిక ఉండదు. 250 మంది విద్యార్థులకు ఒకరుండాలన్నది ఆ వృత్తి సంఘం సిఫారసు, దేశ సగటు దానికి చాలా దూరంలో ఉంది.

తక్కువ ఫీజుతో రెండేళ్ల చదువు చెప్పే కమ్యూనిటీ కాలేజీ పేరెత్తితే మన వాళ్లు ముఖం చిట్లిస్తారు. కాలిఫోర్నియాలోని అలాంటి కాలేజీలో రెండేళ్లు చదివి నిర్ణీత మార్కులు తెచ్చుకున్నవారికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోని ఆరు క్యాంపస్‌లు ప్రవేశ హామీ ఇస్తాయన్నది మాత్రం ఆ చిట్లింపులో మరుగున పడిపోతుంది.

సీటు వచ్చాక పని అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. ప్రవేశం షరతులతో ఇస్తారు. చివరి సెమిస్టరు మార్కులు, హైస్కూలు పూర్తి చేశారని చూపే తుది మార్కుల పత్రం (ట్రాన్‌స్క్రిప్టు) గడువులోగా అందాలి. 2017 వేసవిలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అర్వైన్ క్యాంపస్ అనుకున్నదానికంటే ఎక్కువమంది చేరతామని చెప్పిన ఏడాది దాదాపు 500 మంది ప్రవేశాలను రద్దు చేసింది. వారిలో సగానికి పైగా ట్రాన్‌స్క్రిప్టుల సమస్యతో సీటు కోల్పోయినవారే. పెద్దఎత్తున విమర్శలు రావడంతో చాలామందిని తిరిగి తీసుకున్నారు గానీ, ఆ కొద్ది వారాలు ఆ ఇళ్లలో ఎలా గడిచి ఉంటాయో ఊహించవచ్చు.

మన ఇళ్లలో ఈ కాగితాల పని ఎక్కువగా తండ్రే చూస్తారు. దరఖాస్తుకు వాడిన మెయిల్ ఆయన తెరిచిందే, పాస్‌వర్డులు ఆయన ఎక్సెల్ షీటులో ఉంటాయి. ప్రేమతోనే చేస్తారు. అయితే 1974 నాటి సమాఖ్య చట్టం ప్రకారం, 18 ఏళ్లు నిండినా, కాలేజీలో చేరినా, విద్యా రికార్డుల మీద హక్కు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి బదిలీ అవుతుంది. మార్కులు అడిగితే విద్యార్థి అనుమతి ఉందా అని కాలేజీ ఎదురు ప్రశ్న వేస్తుంది. మే నుంచి ఆగస్టు దాకా హాస్టలు కేటాయింపు, ఏ స్థాయి కోర్సులో చేరాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష, ఆరోగ్య బీమా మినహాయింపు, ఫీజు మొదటి వాయిదా అంటూ కాలేజీ నుంచి వచ్చే సందేశాలు డజన్ల కొద్దీ ఉంటాయి. సీటు ఖాయం చేసుకుని కూడా ఈ వేసవిలో జారిపోయి చేరకుండా ఉండిపోయేవారు, ముఖ్యంగా తక్కువ ఆదాయ కుటుంబాల్లో, ఏటా ఉన్నారు. టెక్సాస్‌లోనైతే 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులు తరగతులు మొదలవడానికి కనీసం పది రోజుల ముందు మెనింజైటిస్ టీకా వేయించుకున్నట్లు రుజువు చూపాలి. దాన్ని గుర్తుచేసే మెయిల్ వెళ్లేది విద్యార్థికి కాలేజీ ఇచ్చిన ఖాతాకే, తండ్రి ఖాతాకు కాదు.