సవరణ: లీడ్స్ పారిష్ చర్చి గాయక బృందం

ఇంగ్లండ్‌లోని లీడ్స్ పారిష్ చర్చి సంగీత పరిచర్య గురించి రాసిన గత వ్యాసంలో, 1842 నుంచి 1849 వరకు అక్కడ ఆర్గనిస్టుగా పనిచేసిన శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీని మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ మనవడిగా పేర్కొన్నాను, అది తప్పు. జాన్‌కు సంతానం లేదు. మనం క్రిస్మస్‌కు పాడుకునే ‘దూత పాట పాడుడీ’కి మూలమైన ఆంగ్ల గీతాన్ని రాసిన జాన్ తమ్ముడు చార్లెస్ వెస్లీకి ఈయన మనవడు. ఇంత దగ్గరి బంధాన్ని తప్పుగా రాసినందుకు పాఠకులు మన్నించాలి.

అక్కడ దావీదు కీర్తనలను తాళానికి కట్టి పాడతారన్న మాటను కూడా సరిచేస్తున్నాను. ఆంగ్లికన్ చర్చిల్లో కీర్తనలు పాడే పద్ధతి అయిన ఆంగ్లికన్ చాంట్‌లో వచనం వచనంగానే నిలుస్తుంది: వాక్యంలోని ఒక్కో సగంలో ఎక్కువ మాటలను ఒకే స్వరం మీద, చదివే నడకలోనే పలికి, చివరి కొన్ని అక్షరాల దగ్గర మాత్రం నాలుగు స్వర స్థాయుల గాయకులూ ఒక్కసారిగా స్వరం మారుస్తారు.