ఉస్తాదు బెత్తానికి ధర్మం అండ లేదు

‘ఉస్తాదు (మదరసా గురువు) దెబ్బ తగిలిన చోటును నరకాగ్ని తాకదు. పదేళ్ల పిల్లలను కొట్టమని ప్రవక్తే చెప్పారు. దెబ్బలు తినకుండా ఎవరూ హాఫిజ్ (ఖురాన్ అంతా కంఠస్థం చేసినవారు) కాలేదు. మదరసాల జోలికి చట్టం రాదు.’ ఎక్కడో ఒక పిల్లవాడి వీపు మీద వాతలు కనబడినప్పుడల్లా ఈ మాటలు ఫోనుల్లో మళ్లీ తిరుగుతాయి. కన్నవాళ్ల నోరు మూయించడానికే ఇవి పనికొస్తున్నాయి.

మొదటి మాట, ప్రవక్త మాటలను, చేతలను నమోదు చేసిన ఏ ప్రామాణిక హదీసు గ్రంథంలోనూ లేదు. తన పేరిట కావాలని అబద్ధం చెప్పేవాడు నరకంలో చోటు సిద్ధం చేసుకోవాలని ప్రవక్త (స) హెచ్చరించారు. దీన్ని హదీసు అంటూ పంచేవారు ఆ హెచ్చరికను గుర్తు చేసుకోవాలి.

రెండోదానికి ఆధారం ఉంది, కాదనను. పిల్లలకు ఏడేళ్లకు నమాజు చెప్పండి, పదేళ్లకూ చేయకపోతే కొట్టండి అన్న హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. కానీ అది తల్లిదండ్రులకు, నమాజు విషయంలో చెప్పినది. పైగా మధ్యలో మూడేళ్ల గడువుంది. రోజుకు ఐదు పూటల లెక్కన ఐదు వేలకు పైగా సార్లు నోటితో చెప్పాలన్నమాట. సబక్ (ఆ రోజు పాఠం) తప్పిన తొలిరోజే బెత్తం ఎత్తేవారికి ఇందులో ఏం అనుమతి దొరికింది?

ప్రవక్త స్వయంగా ఎలా నేర్పారో సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఉంది. ముఆవియా ఇబ్న్ హకమ్ అనే కొత్త అనుచరుడు, నమాజు మధ్యలో ఎవరో తుమ్మితే పైకే దీవించాడు. చుట్టూ ఉన్నవారు గుడ్లురిమి చూశారు, తొడలు చరిచారు. నమాజు ముగిశాక ప్రవక్త ఆయనను కొట్టలేదు, కసరలేదు, తిట్టలేదు. నమాజులో మామూలు మాటలు తగవని మాత్రం చెప్పారు. అంతకన్నా మంచి గురువును ముందూ వెనకా చూడలేదని ముఆవియాయే చెప్పుకున్నారు. యుద్ధంలో తప్ప ప్రవక్త తన చేత్తో ఎవరినీ, సేవకుణ్ణి సైతం, కొట్టలేదని ఆయన భార్య ఆయిషా (రజి) చెప్పిన మాట కూడా అదే గ్రంథంలో ఉంది.

ఇక మూడోది, దెబ్బలు లేనిదే హాఫిజ్ కారన్న మాట. ట్యునీషియాలోని ఖైరవాన్ నగర పండితుడు అల్ ఖాబిసీ (మరణం 1012) దండనను పూర్తిగా నిషేధించలేదు, నిజమే. కానీ మామూలుగా మూడు దెబ్బలే హద్దు, తల మీద, ముఖం మీద కొట్టకూడదు, కోపంలో అసలే కొట్టకూడదు అని కట్టడి చేశారు. ట్యునీషియాలోనే పుట్టిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లో ఇంకా ముందుకు వెళ్లారు: కాఠిన్యంలో పెరిగిన విద్యార్థి ఉత్సాహం కోల్పోతాడు, సోమరి అవుతాడు, దెబ్బ తప్పించుకోవడానికి అబద్ధం, మోసం నేర్చుకుంటాడు, చివరికి అవే స్వభావంగా మారతాయి. ఖురాన్‌ను గుండెలో నిలిపేది కొత్త సబక్‌తో పాటు పాత భాగాలను రోజూ వినిపించే క్రమం. ఒకే ఉస్తాదుకు నలభై మందిని అప్పగిస్తే ఆ వినిపించడమే కుంటుపడుతుంది. కొరత అక్కడుంటే దెబ్బ పిల్లవాడికి పడుతోంది.

చట్టం మాట సగమే నిజం. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడుల్లో శారీరక దండనను నిషేధించింది. 2012 సవరణ మదరసాలను, వేద పాఠశాలలను ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది. కానీ 2015 బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్, పిల్లవాడు ఎవరి సంరక్షణలో ఉన్నా, వారు కొట్టి హింసిస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ అంటుంది. వాతలు చూసిన తల్లి పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేయవచ్చు. అది దీన్‌కు, అంటే మతానికి, ద్రోహం కాదు.