చట్టసభకు చట్టం తెలిసినవాడు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో మూడంతస్తుల ఎత్తున ఒక నల్లకోటు నిలబడి జనానికి నమస్కారం పెడుతోంది. కోటు లోపల ఉన్నది మన ప్లీడరు గారు. శాసనసభకు పోటీ చేస్తున్నారు. పేరు రాయను. రాస్తే పరువునష్టం దావా ఖాయం, పైగా ఆయనకు వకీలు ఖర్చు కూడా ఉండదు.

ఆ ఫ్లెక్సీని చూసి నవ్వేవాళ్లకు న్యాయవాదుల కష్టం తెలియదు. బార్ కౌన్సిల్ నియమాల్లో 36వది ఒకటుంది. న్యాయవాది ప్రకటనలు ఇచ్చుకోకూడదు, కేసుల కోసం ఎవరినీ ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ అడగకూడదు, ఇంటి ముందు బోర్డు సైతం సముచితమైన పరిమాణంలోనే ఉండాలి. ఊళ్లో పచ్చళ్ల దుకాణం యజమానీ, పిల్లల డాక్టరూ, ట్యూషన్ మాస్టారూ ఆటోల వెనక నవ్వుతూ తిరుగుతుంటే, ఈయన పాతికేళ్లపాటు జానెడు బోర్డు కింద మగ్గిపోయారు. ఇప్పుడు ఆ నియమం అడ్డు రాదు. అడుగుతున్నది కేసులు కాదు, ఓట్లు. ఫ్లెక్సీ అడుగున ఫోను నంబరూ, ఆఫీసు ఉన్న వీధీ, కలుసుకునే వేళలూ ఎందుకని మాత్రం ప్రశ్నించకండి. ఓటరు సందేహాలు తీర్చుకోవద్దా? ఫలితం ఎలా వచ్చినా వచ్చే ఏడాదికి కేసు కట్టలు పెట్టడానికి ఇంకో బీరువా కొనాలని గుమస్తా ఇప్పుడే అంటున్నాడు.

"చట్టసభకు చట్టం తెలిసినవాడినే పంపండి" అన్నది ఆయన నినాదం. దీనికి నా సంపూర్ణ మద్దతు. మన జిల్లాలో అభ్యర్థులకు కొరత ఎన్నడూ లేదు. కానీ చాలామంది తెలియక తప్పు చేసి, తెలిసిన రోజున బిక్కమొహం వేసేవాళ్లే. ఈయన 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని తలకింద పెట్టుకుని పడుకుంటారు. ఏది చేయకూడదో అంత క్షుణ్నంగా తెలిసిన మనిషి, అదే పని చేసేటప్పుడు ఎంత శుభ్రంగా చేస్తాడో ఈ ప్రచారంలో కళ్లారా చూస్తున్నాం.

బస్సుల సంగతే తీసుకోండి. మన పల్లెల్లో ఓటరు పేరు జాబితాలో ఉంటుంది, మనిషి హైదరాబాదులో కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గరో, గుజరాత్‌లోని వేరావల్ రేవులో పరాయి పడవ మీదో ఉంటాడు. ఓటరును ఉచితంగా వాహనంలో పోలింగు కేంద్రానికి చేర్చడం సెక్షన్ 123(5) కింద అవినీతి చర్య. తక్కిన అభ్యర్థులు చీకటి పడ్డాక బస్సు ఎక్కించి చేతులు దులుపుకున్నారు. మన ప్లీడరు గారు మాట్లాడిన బస్సులకు ముందు అద్దం మీద పెళ్లి బోర్డు, గుమ్మానికి మామిడాకులు, ఎక్కినవాళ్లకు తలా ఒక శుభలేఖ. "మూఢంలో పెళ్లేమిటి బాబూ?" అని ఒక ముసలమ్మ అడిగిందట. "నిశ్చితార్థం అనుకో అమ్మా" అన్నాడట గుమస్తా. ప్రజాప్రాతినిధ్య చట్టానికి మూఢం పట్టింపు లేదు కదా.

ఇక ఖర్చు. 2022లో పెంచిన తర్వాత శాసనసభ అభ్యర్థి మన రాష్ట్రంలో 40 లక్షల రూపాయలు మించి ఖర్చు పెట్టకూడదు. టీకి ఎంత, కుర్చీకి ఎంత, షామియానాకు ఎంత అని అధికారులు ముందే రేట్ల పట్టిక వేస్తారు. వీడియో బృందం వెంట తిరుగుతుంది. అభ్యర్థి రాసుకునే లెక్కకు సమాంతరంగా వాళ్లొక షాడో రిజిస్టరు రాస్తారు. గార వైపు ఒక ఊళ్లో మధ్యాహ్న భోజనాలు జరుగుతుండగా ఈ బృందం వచ్చిపడింది. తక్కినవాళ్లయితే విస్తళ్లు దాచేవారు. ఈయన కండువా సర్దుకుని, చేతులు కడుక్కుని, క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టారు.

"మీరు చూసింది బిర్యానీ అంటున్నారు. తిన్నారా?"

"లేదండి, వీడియో తీశాం."

"తినకుండా బిర్యానీ అని ఎలా నిర్ధారించారు?"

"వాసన వచ్చిందండి."

"ఆ వాసన వీడియోలో నమోదైందా?"

అధికారి దిక్కులు చూశాడు. "ముక్కలు కనిపించాయండి" అన్నాడు కాస్త తేరుకుని.

"అన్ని విస్తళ్లలోనా?"

"కొన్నిటిలో."

"అంటే తక్కినవి పులిహోర కాదని మీరు ప్రమాణం చేసి చెప్పలేరు."

గంటసేపు సాగిన ఈ విచారణ తర్వాత రిజిస్టరులో ఆ భోజనం 'ప్రసాదం' అని దిగింది. రేట్ల పట్టికలో ప్రసాదానికి ధర లేదు. ఆ అధికారి వెళ్తూ వెళ్తూ తన బావమరిది ఇంటి స్థలం తగాదా గురించి ఆయన్ను విడిగా అడిగాడని విన్నాను. ఫ్లెక్సీ మీది నంబరే ఇచ్చారట.

అయితే ఆయన ప్రతిభ పరాకాష్ఠకు చేరింది కవర్ల విషయంలో. డబ్బు పంచేవాళ్లు పసుపు కుంకుమల మీదో, అరసవల్లి స్వామి పటం మీదో ప్రమాణం చేయించుకోవడం రివాజు. డబ్బు ఇవ్వడం 123(1) కింద లంచం. దేవుడి ఆగ్రహానికి గురవుతావని ఓటరును భయపెట్టడం 123(2) కింద అనుచిత ప్రభావం. ఒక్క కవరుతో రెండు సబ్‌సెక్షన్లను ఉల్లంఘించడం చదువు లేనివాళ్లు చేసే పని. మన ప్లీడరు గారు దేవుణ్ని ఇందులోకి లాగలేదు. కవరు చేతికి ఇచ్చేముందు ఖాళీ వకాల్తా మీద సంతకం పెట్టించుకున్నారు. సంతకం రానివాళ్లది వేలిముద్ర. దాంతో ఓటరు కక్షిదారు అయిపోయాడు. కవరులో ఉన్నది ఎప్పుడో వసూలు చేసిన ఫీజులో మిగులు. దాన్ని కక్షిదారుకు తిరిగి చెల్లిస్తున్నారు, అంతే. రసీదు సహా.

ఈ వార్త కోర్టు ఆవరణలో పొక్కినప్పుడు సీనియర్లు నిర్ఘాంతపోయారు. ఓట్లు కొన్నందుకు కాదు, ఫీజు వెనక్కి ఇచ్చే ఆచారం ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగుతుందని. కవరు అందుకున్నవాళ్లలో నిజంగానే ఆయన పాత కక్షిదారు ఒకడున్నాడు, గట్టు తగాదాలో జుట్టు నెరిసిన రైతు. "ఇంతకీ నా కేసు ఏమైంది బాబూ?" అని అడిగాడు. "ఎన్నికల కోడ్ అమల్లో ఉంది, ఇప్పుడు మాట్లాడకూడదు" అన్నారు ఆయన.

కరపత్రం కూడా చూడదగ్గదే. 127ఎ ప్రకారం ముద్రాపకుడి పేరు, చిరునామా ఉండాలి. అవి హామీలకన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. హామీలన్నిటిలో మొదటిది నేరడి బ్యారేజీ. వంశధార మీద ఆ బ్యారేజీ మన జిల్లా అభ్యర్థులందరి ఉమ్మడి ఆస్తి, పంపకాలు జరగవు. ఒడిశాతో తగాదా తేల్చడానికి 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017లో అది తీర్పు ఇచ్చి, బ్యారేజీ కట్టుకోవచ్చంది. తీర్పు వచ్చాక ఇంకేమిటి ఆలస్యం అనేవాళ్లు కోర్టు గుమ్మం ఎక్కనివాళ్లు. డిక్రీ వేరు, అమలు వేరు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన పెద్దలు ఊరికే అనలేదు. అందుకే ప్లీడరు గారి హామీ ఇలా సాగుతుంది: "తగిన అనుమతులకు, నిధుల లభ్యతకు, పై కోర్టుల ఉత్తర్వులకు లోబడి, ఎదుటి పక్షపు హక్కులకు భంగం కలగని రీతిలో, సాధ్యమైనంత మేరకు కృషి చేయబడును." అడుగున ఇంకొక వాక్యం: "పై అంశాల్లో దేనినీ ఒప్పందంగా పరిగణించరాదు." ఇంత నిజాయితీగల ఎన్నికల ప్రణాళిక నేను ఇంతవరకు చదవలేదు.

చెరువుల గురించి ఆయన్ను విమర్శించేవాళ్లకు కూడా ఒక మాట. చెరువు గర్భం ఆక్రమించినవాళ్ల తరఫున స్టే తెచ్చింది ఆయనే, చెరువులను కాపాడతానంటున్నదీ ఆయనే అని ఎద్దేవా చేస్తున్నారు. చెరువును కాపాడాలంటే ముందు ఆక్రమణదారుల వాదన తెలియాలి. అది ఆయనకు కంఠతా వచ్చు, రాసింది ఆయనే కనుక. పార్టీ మారారంటే, మారారు. నిన్న ఆ పార్టీ వకాల్తా, నేడు ఈ పార్టీ వకాల్తా. ఒకే కేసులో రెండు పక్షాలకూ హాజరు కాకూడదు గానీ, పోయిన ఎన్నిక వేరే కేసు. దాని నంబరు వేరు.

సభల్లో ఆయన తరచుగా వి.వి.గిరిని తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. బారిస్టరు చదువు చదివిన గిరి 1937లో బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజానే ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్లారు. కానీ మన ప్లీడరు గారికి నచ్చే భాగం అది కాదు. 1957లో గిరి పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. రిజర్వు స్థానానికి నిలిచిన గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకు గిరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చి జనరల్ స్థానం దక్కింది. అది చెల్లదని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1959లో అక్కడా ఓడారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎన్నిక మీదా కేసు పడితే, 1970లో రాష్ట్రపతి హోదాలోనే సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. బొబ్బిలిలో గెలుపు ఆయన ఉపన్యాసంలో ఒక్క వాక్యం. కేసులు మాత్రం అరగంట. జనం వింటూనే ఉన్నారు, కుర్చీలు వెనక్కి ఇచ్చేదాకా కదలడానికి లేదు మరి.

గెలిచాక నల్లకోటు విప్పేస్తారేమో, మా కేసుల గతేమిటి అని కంగారు పడేవాళ్లు నిశ్చింతగా ఉండవచ్చు. శాసనసభ్యులు పూర్తికాలపు జీతగాళ్లు కారని, న్యాయవాద వృత్తి చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. కనుక సభలో మన ఊరి రోడ్డు గురించి అడగవలసిన రోజున ఆయన ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరు తరఫున కోర్టులో ఉంటే, ఆ రోడ్డు సమస్య రెండు చోట్ల ఒకేసారి ప్రస్తావనకు వచ్చినట్టే.

పోలింగుకు ఇంకా గడువుంది. అయినా ఆయన ఆఫీసులో పని ముందే పూర్తయింది. ఎన్నిక చెల్లదంటూ హైకోర్టులో వేయాల్సిన పిటిషన్ సిద్ధంగా ఉంది. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా వేయాలి. గెలిచినవాడి పేరు దగ్గర ఖాళీ వదిలారు. అందులో ఆరోపణలన్నీ చదివాను. పెళ్లి బస్సులు, ప్రసాదం, కవర్లు, ఏ ఒక్కటీ వదలకుండా, సెక్షన్ల సహితంగా, చూసినవాడే రాయగల వివరాలతో ఉన్నాయి. దాని పక్కనే రెండో కట్ట ఉంది. ఒకవేళ తానే గెలిస్తే, ఓడినవాళ్లు అవే ఆరోపణలు చేస్తే, వాటికి కౌంటరు. మొదటిది ఎంత బలంగా ఉందో రెండోది అంతకన్నా బలంగా ఉందని జూనియర్ మురిసిపోయాడు.

పిటిషన్ వేసేటప్పుడు కోర్టు ఖర్చుల పూచీ కింద 2,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి. ఆ డబ్బు ఇప్పుడే తీసి పెట్టమంటారా అని గుమస్తా అడిగాడు. ప్లీడరు గారు కళ్లద్దాలు తీసి వాడివైపు తీవ్రంగా చూశారు. నామినేషన్ నుంచి ఫలితం దాకా పెట్టిన ప్రతి పైసా లెక్కలోకి వస్తుందని, ఆ రెండు వేలు ఇప్పుడు ముట్టుకుంటే 40 లక్షల పరిమితి దాటే ప్రమాదం ఉందని, చట్టం విషయంలో తాను రాజీ పడలేనని చెప్పారు.