8 నిమిషాల పాటకు 90 సెకన్లా?

శనివారం రాత్రి జరిగింది ఇంకా మింగుడు పడటం లేదు. పోస్టు పొడుగైతే సర్దుకోండి, అసలు గొడవే నిడివి గురించి.

మేము న్యూజెర్సీలో ఉంటాం. నెలకొకసారి నలుగురం హడ్సన్ నది దాటి న్యూయార్క్‌కి డ్యాన్సుకు వెళతాం. అందరం యాభై దాటినవాళ్ళమే కాబట్టి మోకాళ్ళకు ముందుగానే నచ్చజెప్పుకుంటాం. ఆ రోజు డెబ్భైల నాటి డిస్కో, ఫంక్ (బేస్, డ్రమ్ముల లయే ప్రాణమైన సంగీతం) పాటలు వేస్తామన్నారు. పదిన్నరకు షీక్ బృందం ‘గుడ్ టైమ్స్’ మొదలైంది. బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్ గిటార్ చెవికంటే ముందు అరికాళ్ళకు వినిపిస్తుంది. మా పక్కన అరవై దాటిన ఒకావిడ మడత విసనకర్ర చేతిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని, తనలో తానే నవ్వుకుంటూ ఆడుతోంది. ఒకటిన్నర నిమిషం అయిందో లేదో, డీజే ఆ పాటను తుంచేసి ఇంకోటి అందుకున్నాడు. ఆవిడ చేయి గాలిలోనే ఆగిపోయింది. కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఏం చెప్పను?

పంక్తిలో కూర్చోబెట్టి, పప్పూ నెయ్యీ వడ్డించి, రెండో ముద్ద కలుపుతుండగా విస్తరి లాగేసినట్టు ఉంది.

1979లో వచ్చిన ఈ పాట, ఆల్బమ్‌లో 8 నిమిషాలకు పైగా ఉంటుంది. మూడు నిమిషాలు దాటాక అందరూ పక్కకు తప్పుకుంటారు. గాయనులు ఉండరు, వయొలిన్లు ఉండవు, నైల్ రాడ్జర్స్ గిటార్ కూడా ఊరుకుంటుంది. డ్రమ్ములు, బేస్ మిగులుతాయి. అప్పటిదాకా మనం పాటకు ఆడుతున్నాం. ఇక్కడి నుంచి ఆడాలన్న ధ్యాస పోతుంది, భుజాలు వాటంతట అవే వదులవుతాయి. తరువాత వాద్యాలు ఒక్కొక్కటే తిరిగి వస్తుంటే, ఊరి నుంచి చుట్టాలు ఒక్కొక్కరే దిగుతున్నట్టు ఉంటుంది. ఆ ఏడాదే ర్యాప్‌ను ఇంటింటికీ చేర్చిన ‘ర్యాపర్స్ డిలైట్’ నిలబడింది కూడా ఈ బేస్ మీదే. పాటకు ప్రాణం అక్కడుంటే, ఆ డీజే కుర్రవాడు గుమ్మం దగ్గరి నుంచే మమ్మల్ని వెనక్కి పంపేశాడు.

ఈ నిడివి ఎవరో బద్ధకించి సాగదీసింది కాదు. టామ్ మౌల్టన్ అనే ఆయన డెబ్భైల మొదట్లో ఒక విషయం గమనించాడు. జనం మంచి ఊపులో ఉండగా మూడు నిమిషాల పాట అయిపోతుంది, ఊపు చల్లారుతుంది, కొందరు వెళ్ళి కూర్చుంటారు. దాంతో పాటలను పొడిగించే పనిలో పడ్డాడు. ఒకసారి రికార్డు చెక్కించబోతే 7 అంగుళాల ఖాళీ పలకలు అయిపోయాయట. ఇంజనీరు పెద్ద పలక తీశాడు. చోటు ఎక్కువైంది కనుక గాడులను ఎడంగా, వెడల్పుగా చెక్కాడు. బేస్ శబ్దానికి గాడి అటూ ఇటూ బాగా ఊగాలి, ఇరుకు పలక మీద దానికి చోటుండదు. విని చూస్తే మోత అదిరిపోయింది. 12 అంగుళాల సింగిల్ (ఒక్క పాట కోసం వేసే రికార్డు) పుట్టుక అలా, సరుకు నిండుకోవడం వల్ల! 1976లో ‘టెన్ పర్సెంట్’ అనే పాటను డీజే వాల్టర్ గిబన్స్ 9 నిమిషాలు దాటించాడు. దుకాణాల్లో జనానికి అమ్మిన మొదటి 12 అంగుళాల సింగిల్ అదే.

అదే న్యూయార్క్‌లో డేవిడ్ మన్‌కూసో 1970 నుంచి తన ఇంట్లోనే విందులు పెట్టి, మద్యం అమ్మకుండా పాటలు వేసేవాడు. ఒక దశ తరువాత పాటను పాటతో కలపడం కూడా మానేసి, ప్రతి పాటనూ మొదటి నుంచి చివరి దాకా వినిపించాడు. మా డీజే ఆ ఇంటి గడప తొక్కి ఉంటే బాగుండేది.

ఫంక్‌కు ఈ తుంచుడు మరీ అన్యాయం. ఫంక్‌కు ఆద్యుడైన గాయకుడు జేమ్స్ బ్రౌన్ పాటల్లో బృందమంతా ప్రతి నాలుగు దెబ్బల్లో మొదటి దాని మీద పడుతుంది, మన తాళంలో సమం మీద పడ్డట్టు. మిగతా దెబ్బల్లో ఎవరి చిలిపి పని వాళ్ళది, మళ్ళీ సమానికి అందరూ ఇంటికి చేరాలి. ఈ వెళ్ళడం, చేరడం పాతిక ముప్పై సార్లు జరిగితేగానీ నడుముకు లెక్క అర్థం కాదు. నాకైతే నలభై సార్లు.

ఈ డీజేలను అడిగితే ‘అంకుల్, ఇప్పుడు ఎవరికీ ఓపిక లేదు’ అంటారు. మన పెళ్ళిళ్ళ సంగీత్‌లలో పల్లవి అందుకునేలోపు పాట మారిపోవడానికీ ఇదే సాకు. ఓపిక లేదా, మీరు ఉండనివ్వడం లేదా?

పోయిన శీతాకాలం మా బేస్‌మెంట్‌లో ఒక పుట్టినరోజు పార్టీకి పట్టుబట్టి ఫిలడెల్ఫియా బృందం ఎంఎఫ్‌ఎస్‌బీ ‘లవ్ ఈజ్ ద మెసేజ్’ పెట్టాను. మౌల్టన్ పొడిగించిన 11 నిమిషాల రూపం. మొదటి రెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు, నా పరువు పోయిందనే అనుకున్నాను. నాలుగో నిమిషంలో మా వదిన బిర్యానీ ప్లేటు చేతిలో ఉండగానే తల ఊపడం మొదలుపెట్టింది. ఆరో నిమిషానికి ప్లేటు వాషింగ్ మెషీన్ మీదికి చేరింది. ‘ఇది ఇంకా ఎంతసేపుంది అన్నయ్యా?’ అని నన్ను అడిగారొకరు. విసుగుతో అడిగారనుకుని సగం ఉందన్నాను. ‘అయితే పిల్లలను కూడా పిలుస్తాను’ అని మెట్లెక్కి పరుగెత్తారు.

ఈసారి నెల ఆగకుండా ఈ శనివారమే మళ్ళీ వెళుతున్నాం. తలుపు తీయగానే ఆ కుర్రవాడి దగ్గరికి వెళ్ళి, ‘గుడ్ టైమ్స్’ పూర్తిగా వేయమని బతిమాలుకుంటాను. విసనకర్ర ఆవిడ కనిపిస్తే వెంటబెట్టుకు వెళతాను. నా కన్నా ఆవిడ మాటకు బరువు ఎక్కువ.