పదహారు పక్కన ఒకటి

బెంగళూరులో ఏ అపార్ట్‌మెంటులోనైనా ఇరవై తెలుగు కుటుంబాలు పోగైతే ముందు వాట్సాప్ గ్రూపు పుడుతుంది, తర్వాత కమిటీ. కమిటీ పుట్టాక దానికి ఏదో ఒక పని చూపిస్తూ ఉండాలి, లేకపోతే మెయింటెనెన్సు లెక్కల మీద పడుతుంది. వైట్‌ఫీల్డ్‌లోని మా కమిటీ అంత్యాక్షరి అయిందనిపించింది. వంటల పోటీ పెట్టింది. ఆ పోటీ తర్వాత రెండు కుటుంబాలు ఇప్పటికీ ఒకే లిఫ్టు ఎక్కడం లేదు. అందుకని ఈసారి ఎవరికీ మార్కులు వెయ్యక్కర్లేని కార్యక్రమం కావాలనుకుని, చేత్తో పుస్తకం కుట్టే వర్క్‌షాపు పెట్టారు.

ఈ తరహా చిన్న పుస్తకాలను జీన్‌లు అంటారట. 1930ల్లో అమెరికాలో సైన్సు కథల అభిమానులు తమలో తాము పంచుకోవడానికి సొంతంగా వేసుకున్న పత్రికలతో మొదలై, జిరాక్సు మిషన్లు వచ్చాక పాటల పిచ్చి ఉన్న కుర్రకారు చేతిలో పడి పెరిగాయి. ఎడిటరు ఉండడు, పబ్లిషరు ఉండడు. రాసినవాళ్లే మడిచి, కుట్టి, పంచిపెడతారు. కమిటీ అధ్యక్షుడు ఇదంతా గంభీరంగా వివరిస్తే, మా అత్తగారు పూర్తిగా విని, "లిఖిత పత్రిక అని ఒక్క మాట చెబితే పోయేదిగా నాయనా" అన్నారు.

ఈ విషయంలో ఆవిడ మాట తీసిపారెయ్యడానికి లేదు. తెనాలిలో ఉన్న రోజుల్లో వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు వారం వారం చింపి దాచి, కథ పూర్తయ్యాక దబ్బనంతో కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టి, మైదా ఉడికించి అట్ట అంటించేవారు. జిగురుకు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. అలా కుట్టిన వాటిలో ఒక సీరియల్‌కి పదకొండో వారం లేదు. పదో వారంలో పెళ్లిపీటల మీదున్న హీరోయిన్ పన్నెండో వారానికల్లా ఆశ్రమంలో ఉంటుంది. ఆ పదకొండో వారం పక్కింటావిడ పట్టుకెళ్లి ఇవ్వలేదని అత్తగారికి ఇప్పటికీ కోపమే.

నేర్పించడానికి వచ్చిన అమ్మాయిది కోలారు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం, వర్క్‌షాపులో ఇంగ్లీషు. నన్ను అక్కా అనీ, మావారిని అన్నా అనీ, అత్తగారిని అవ్వా అనీ పిలిచి మొదటి రోజే అందరినీ బుట్టలో వేసుకుంది. కాగితానికి కూడా నారపోగు ఉంటుందనీ, ఆ వైపు మడిస్తే నున్నగా మడత పడుతుందనీ, అడ్డంగా మడిస్తే పగుళ్లిస్తుందనీ చేసి చూపించింది. తర్వాత సంచీలోంచి ఓ తెల్లటి చదునైన పుల్ల తీసి, మడత మీద గట్టిగా రుద్దడానికి దీన్ని వాడతారు, అసలు వీటిని ఎముకతో చేస్తారు అంది.

హాలు నిశ్శబ్దమైపోయింది. పుల్ల అప్పటికే సగం చేతులు మారి ఉంది. పట్టుకున్నాయన దాన్ని టేబుల్ మీద మెల్లిగా పెట్టి, చెయ్యి గాల్లోనే ఉంచుకుని బాత్రూం ఎటని అడిగాడు.

"అయ్యో, ఇది ప్లాస్టిక్‌దన్నా!" అని ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. అత్తగారు ఇంటికెళ్లి అట్లకాడ తెచ్చారు. మిగతావాళ్లు స్టీలు గరిటెలు, దువ్వెనలు పట్టుకొచ్చారు. ఆ అట్లకాడతో మడత ఎంత పదునుగా వచ్చిందంటే, ఆ అమ్మాయి దాన్ని ఫోటో తీసుకుంది.

తర్వాత వచ్చే ఆదివారం అసలు కార్యక్రమం. పదహారు పేజీల పుస్తకం, అరవై కాపీలు. నాలుగు ఏ4 కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్యకి మడిస్తే పదహారు పేజీలవుతాయి. వెన్నులో ఐదు కన్నాలు పొడిచి, మధ్య కన్నంతో మొదలుపెట్టి, పైకీ కిందికీ కుట్టి, మళ్లీ మధ్య కన్నంలోకే వచ్చి ముడి వెయ్యాలి. కాగితం కోసం నేనూ మావారూ మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి చిక్కపేటలో దిగి, సుల్తాన్‌పేట అంతా తిరిగాం. అక్కడ శుభలేఖల దుకాణాలు వరసగా ఉంటాయి. పెళ్లి ఎవరిదని అడగని కొట్టు లేదు. దారానికి మైనం పట్టించే పని మాత్రం పిల్లలకి అప్పజెప్పాం. కొవ్వొత్తి మీద దారం లాగుతూ ఉంటే చాలు, సాయంత్రం దాకా అల్లరి లేదు. సెలవుల్లో తల్లిదండ్రులెవరైనా ఇది వాడుకోవచ్చు.

రచనలకి కొదవేముంది. అధ్యక్షుడి ముందుమాట. సంక్రాంతి అల్లుళ్ల మర్యాదల గురించి లెక్కల మాస్టారి వ్యాసం. ఆయన రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆవకాయ పెట్టే పద్ధతి, లిఫ్టు జాగ్రత్తలు, యోగా, "మా నాన్న" అని ఐదో తరగతి పిల్లాడి వ్యాసం, కుండీ మొక్కల పెంపకం. అందరూ చేత్తో రాసిచ్చారు. కోలారు అమ్మాయి వాటిని స్కాన్ చేసి, అచ్చుకు తగ్గట్టు సర్ది, ఫైలు మావారికి పంపింది. ఎందుకంటే మావారు కమిటీ కోశాధికారి. పైగా సాఫ్ట్‌వేర్.

రాత్రి పదకొండింటికి ఆయన ఫైలు తెరిచి, "ఈ పిల్లకి అంకెలు రావోయ్" అన్నారు.

చూస్తే మొదటి కాగితం మీద ఎడమ పక్క పదహారో పేజీ, కుడి పక్క ఒకటో పేజీ. దాని వెనక రెండు, పదిహేను. తర్వాత పద్నాలుగు, మూడు. నిజానికి మడిచి కుట్టే పుస్తకానికి అలాగే ఉండాలి. ఏ పక్క చూసినా రెండు పేజీల అంకెలూ కూడితే పదిహేడు రావాలి. అప్పుడే మడిచాక వరస కుదురుతుంది. ఈ ముక్క ఆ పిల్ల మొదటి రోజే చెప్పింది. మావారు ఆ టైములో ఫోన్‌లో మీటింగులో ఉన్నారు.

"పోనీ ఆ అమ్మాయినే అడగండి" అన్నాను.

"ఇంత రాత్రివేళ ఆడపిల్లకి ఫోనేంటి, నేనే సరిచేస్తాను" అని కూర్చున్నారు. ఒకటి పక్కన రెండు, వెనక మూడు, నాలుగు, తర్వాతి కాగితం మీద ఐదు, ఆరు... అర్ధరాత్రికల్లా పదహారు పేజీలూ బడిపిల్లల్లా వరసలో నిలబడ్డాయి. పొద్దున్నే జిరాక్సు షాపుకి పంపారు. ఒక్కోటి రెండు పక్కలా అచ్చయి రెండువందల నలభై కాగితాలు వచ్చాయి.

ఆదివారం హాలు కిటకిటలాడింది. అందరూ కాగితాలు పేర్చుకుని, కన్నాలు పొడిచి కుట్టడంలో మునిగిపోయారు. కుట్టేటప్పుడు పుస్తకం మధ్య పేజీలే పైకి కనిపిస్తాయి. అక్కడ పదిహేను, పదహారు పక్కపక్కనే బుద్ధిగా ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కోలారు అమ్మాయి సూదుల్లో దారాలు ఎక్కించలేని పెద్దవాళ్ల చుట్టూ తిరుగుతోంది.

మొదట ముడి వేసింది మా అత్తగారే. పుస్తకం మూసి, ఇటు తిప్పి, అటు తిప్పి, "ఒరేయ్, పేరు వెనకాల ఉందేంట్రా?" అన్నారు.

మావారు ఇంకా ధైర్యంగానే ఉన్నారు. "తిరగేసి కుట్టుంటావమ్మా."

"తెనాలిలో అరవై సీరియళ్లు కుట్టాన్రా నేను."

ఈలోగా పక్క టేబుల్ దగ్గర లెక్కల మాస్టారు తన వ్యాసం వెతుక్కుని, గొంతు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. "సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుణ్ణి గుమ్మంలో నిలబెట్టి, దిష్టి తీసి, ఆప్యాయంగా లోపలికి తీసుకొచ్చాక..." పక్క పేజీకి వెళ్లారు. మూడు తర్వాత ఆరు వచ్చింది. "చన్నీళ్లతో శుభ్రంగా కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టించాలి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలంతా పేజీలు తిప్పే చప్పుడు.

లిఫ్టు జాగ్రత్తలు ఇంకా భేషుగ్గా వచ్చాయి. "కరెంటు పోయి లిఫ్టు ఆగిపోతే కంగారు పడకుండా" అన్నచోట ఏడో పేజీ ముగిసి పదోది తగిలింది. "ఎడమ పాదాన్ని కుడి తొడకు ఆనించి, రెండు చేతులూ పైకెత్తి నమస్కరిస్తూ అలాగే నిలబడాలి." ఐదో తరగతి పిల్లాడు, "మా నాన్నకి కోపం వచ్చినప్పుడు అమ్మ" అని రాస్తే, దాని పక్క పేజీలో "రోజూ పొద్దున్నే నీళ్లు పోసి, వారానికోసారి ఎండలో పెట్టాలి. ఎదుగుదల లేకపోతే కుండీ మార్చాలి" అని వచ్చింది. పిల్లాడి నాన్న నవ్వలేదు. పిల్లాడి అమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

పుస్తకం రెండో సగం గురించి చెప్పను. అక్కడి నుంచి అంకెలు వెనక్కి నడుస్తాయి.

మావారు అప్పుడు లేచి, కుట్టు విప్పేసి, కాగితాలు మధ్యకి కత్తిరించి, వరసలో పేర్చి అత్తగారి పద్ధతిలో పక్కకుట్టు వేద్దామని ఉపాయం చెప్పారు. అత్తగారు కొడుకుని కాపాడదామని దబ్బనం కూడా తీశారు. ఒక కాపీ కత్తిరించి చూస్తే ఒకటో పేజీ వెనక నాలుగు, రెండో పేజీ వెనక మూడు. ఎలా పేర్చినా ఒకటి తర్వాత రెండు రాదు. లెక్కల మాస్టారు ఆ కాగితాలు తీసుకుని చాలాసేపు ప్రయత్నించారు. ముప్పయ్యేళ్లు బోర్డు మీద చెప్పిన మనిషి, అంత తేలిగ్గా ఓడిపోతారా.

కోలారు అమ్మాయి మాత్రం అసలు టెన్షన్ పడలేదు. "జీన్‌లో ఇట్లాంటివి బాగుంటాయి అన్నా. ఇదొక స్టైలే" అంది. అధ్యక్షుడికి ఆ మాట నచ్చలేదు. ఆయన ముందుమాట ఒక్కటే మొదటి పేజీలో సక్రమంగా వచ్చింది, దాన్నే ఎవరూ చదవడం లేదు.

"తప్పొప్పుల పట్టిక వెయ్యండ్రా, సరిపోతుంది" అన్నారు అత్తగారు. మావారు కూర్చుని పట్టిక రాశారు. ముందు చివరి అట్ట చూడండి. తర్వాత మొదటికొచ్చి రెండు పేజీలు చదవండి. మళ్లీ వెనక నుంచి రెండో పేజీకి వెళ్లి, అక్కణ్ణుంచి ముందుకు కాక వెనక్కి ఒక పేజీ... ఇలా ఓ నిలువు కాగితం నిండా. దాన్ని ప్రతి పుస్తకంలో మైదా జిగురుతో అంటించారు. అది చూసి పుస్తకం చదివినవాళ్లు మా అంతస్తులో ఎవరూ లేరు. పిల్లలు మాత్రం ఏ పేజీకి ఏ పేజీ తగులుతుందో వెతుక్కుంటూ మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నారు.

మాస్టారికి కోపం తగ్గలేదు. తన పరువు తీశారనీ, కాపీలన్నీ వెనక్కి తెప్పించాలనీ కమిటీకి చక్కటి దస్తూరీతో ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఇవ్వడానికి వాళ్లావిడే మా ఇంటికొచ్చారు. నా చేతిలో పెట్టి, కాఫీ తాగి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"ఏమ్మా, ఆ అల్లుణ్ణి ముక్కలు కొట్టించే పుస్తకాలు ఇంకా ఉన్నాయా? ఓ నాలుగు ఇవ్వు. మా అన్నదమ్ములకి పంపాలి."